దొరకని సెలవు

“చెప్పులు వద్దు వదినా, బూట్లు వేసుకో. పడవ దిగగానే నల్లరాయి ఉంటుంది, దాని నిండా నాచే. అమ్మ అక్కడే కదా జారి చెయ్యి విరగ్గొట్టుకుంది...”

అనేసి ఆడపడుచు నాలిక కరుచుకుంది. జారిన మాట నాలిక కరుచుకుంటే వెనక్కి వస్తుందా! మంచం మీద తెరిచిపెట్టిన సంచీ, పక్కన రెండు రోజులకు సరిపడా బట్టలు, వాటి మధ్య సగం మడిచిన తువ్వాలుతో వదినగారు... వరండాలో పేపరు తిప్పుతున్న చప్పుడు ఆగిపోయింది. అంటే వదినగారి భర్త కూడా విన్నాడన్నమాట. విననిది కూతురు ఒక్కతే. ఫోను సరిగ్గా అందడం లేదని మేడమీదికి వెళ్ళి, రేపు పొద్దున్న పడవ ఎన్నింటికని ఎవరినో గట్టిగా అడుగుతోంది.

ఆ వీధిలో అందరూ వదినగారిని కాజాలమ్మ అంటారు. దర్జీలు కుట్టిన చొక్కాలకు ఇంట్లో కూర్చుని చేత్తో కాజాలు కుట్టి ఇస్తుంది. పెళ్ళయి వచ్చినప్పటి నుంచీ ఆమె చోటు తూర్పు గది కిటికీయే. ఆ కిటికీలోంచి చూస్తే రేవు, రేవు అవతల సముద్రం, సముద్రంలో బోర్లించిన మూకుడులా ఒక చిన్న ద్వీపం. చెట్టూ చేమా లేని రాతిదిబ్బ. అయినా ఎందుకో ఆమెకు దానిమీద మనసు పడింది. కొత్తలో భర్తను అడిగింది, ఒక్కసారి అక్కడికి వెళ్ళొద్దామా అని. “రాళ్ళు తప్ప ఏముంది అక్కడ?” అన్నాడాయన. మరో ఏడాది అడిగితే అదే మాట. తర్వాత అడగడం మానేసింది. కోరిక మాత్రం మానలేదు. సూదిలో దారం ఎక్కించిన ప్రతిసారీ తలెత్తి ఒకసారి దానివంక చూసేది. రానురాను కళ్ళు మసకబారి ద్వీపం కాస్తా పొగమచ్చలా కనిపించడం మొదలుపెట్టింది.

మొన్ననే కళ్ళ ఆపరేషను అయింది. కట్టు విప్పగానే కిటికీ దగ్గరికి వెళ్ళి, “అదిగో, మళ్ళీ దొరికింది” అని చిన్నపిల్లలా నవ్విన తల్లిని చూసి కూతురి మనసు కరిగిపోయింది. బడిలో పాఠాలు చెప్పే ఆ పిల్ల అప్పటికప్పుడే పథకం వేసేసింది. ద్వీపంలో ఉన్నది ఒకే ఒక్క బస. రెండు గదులు మాట్లాడింది. అమ్మా నాన్నా ఒక గదిలో, తనూ అత్తా మరో గదిలో. రెండు వీధుల అవతల ఒంటరిగా ఉంటున్న మేనత్తను కూడా బయల్దేరదీసింది. రొట్టెలూ ఉడికించిన గుడ్లూ నేనే తెస్తానంటూ వచ్చింది ఆ మేనత్త. రొట్టెలతోపాటు ముప్పై ఏళ్ళనాటి నిజాన్ని కూడా మూటగట్టుకొచ్చింది పాపం... తనకే తెలియకుండా!

అత్తగారి చెయ్యి విరిగింది ఒక్కసారే. ఆ ఏడు కాజాలమ్మకు బాగా గుర్తు. ఎలా మరిచిపోతుంది? తొలి కాన్పుకి పుట్టింటికి వెళ్ళింది. బిడ్డ కేరుమనలేదు. పుట్టింటివాళ్ళు భర్త పనిచేసే ఐసు ఫ్యాక్టరీకి కబురు చేశారు. ఆయన రాలేదు. ఇవాళ వస్తాడు, రేపు వస్తాడు అని గుమ్మంవంక చూస్తూ పడుకుంది. పాలు పొంగే రొమ్ములను గుడ్డతో బిగించి కట్టి, పళ్ళ బిగువున ఏడుపు ఆపుకుంటూ ఎదురుచూసింది. వారం దాటాక వచ్చి, గోడవంక చూస్తూ చెప్పాడు, సెలవు దొరకలేదని. మిషను ఆగితే రేవులో చేపలన్నీ కుళ్ళిపోతాయి, నన్ను వదల్లేదు అన్నాడు. ఆ మాటను ఆమె దేవుడిచ్చిన వరంలా పట్టుకుంది. తన మొగుడు రాతిగుండెవాడు కాదు, ఐసు మిషను దగ్గర నిలబడి తనకోసం కుమిలిపోయాడు అనుకుంది. పుట్టింట్లో ఎవరైనా ఆయన్ను ఒక్కమాట అంటే వాళ్ళమీద విరుచుకుపడింది. రెండో కాన్పుకి పుట్టిన ఈ కూతురికి కూడా ఊహ తెలిశాక అదే కథ చెప్పింది. “మీ నాన్న ఎంత ఏడ్చాడో తెలుసా, సెలవివ్వలేదే ఆ దుర్మార్గులు!”

ఇంటికొచ్చేసరికి అత్తగారు చేతికి కట్టుతో మంచంమీద ఉంది. స్నానాలగదిలో జారిపడ్డానంది. పచ్చి బాలింతరాలు, ఒళ్ళో బిడ్డ లేని బాలింతరాలు, రెండు నెలలపాటు ఆ చేతికి చేయయింది. తలదువ్వింది, బట్టలు కట్టింది, అన్నం కలిపి నోట్లో పెట్టింది. అత్తగారు ఒకరోజు ఆమె తల నిమిరి, నీలాంటి కోడలు దొరకడం నా అదృష్టం అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఆ కన్నీళ్ళు ఎందుకో అప్పుడు అర్థం కాలేదు...

కాజాలమ్మ తువ్వాలు మడత పూర్తిచేసి సంచీలో పెట్టింది. ఆడపడుచు చెయ్యి పట్టుకుని వంటింట్లోకి తీసుకెళ్ళి తలుపు దగ్గరగా వేసింది. ఆవిడ ఇంక దాచలేకపోయింది. నీళ్ళు నమిలి, ముక్కు చీది, మొత్తం కక్కేసింది. తన పెళ్ళి ఆ నెలలోనే. పెళ్ళయి వెళ్ళిపోయేలోగా అమ్మా తనూ అన్నయ్యా ఒక్కసారి ద్వీపానికి వెళ్ళిరావాలని ముందే అనుకున్నారట. బయల్దేరేముందు రోజు ఫ్యాక్టరీకి ఆ కబురు అందింది. అయిందేదో అయిపోయింది, ఇప్పుడు పరిగెత్తుకెళ్తే బిడ్డ లేచొస్తుందా, నీ చెల్లెలి ముచ్చట కూడా చెడగొట్టడం ఎందుకు, తిరిగొచ్చాక వెళ్ళొచ్చులే అందిట తల్లి. తీరా అక్కడ ఆవిడ పడిపోవడం, ఆస్పత్రీ కట్లూ, వాటితో మరికొన్ని రోజులు గడిచిపోయాయి.

“మీ అన్నయ్య ఏమన్నాడు?” అని మెల్లిగా అడిగింది కాజాలమ్మ.

“ఏమీ అనలేదు వదినా. నోరే మెదపలేదు. సంచీ భుజాన వేసుకుని వచ్చాడంతే.”

“సెలవు?”

ఆడపడుచు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “దొరికింది వదినా... ఆ సెలవు మీదే మాతో వచ్చాడు.”

ఎవరో తడిగుడ్డ వేసి గొంతు కోసినట్టయింది ఆమెకు. కత్తి దిగి ముప్పై ఏళ్ళయింది, నొప్పి ఇప్పుడు తెలిసింది. ఆడపడుచు కాళ్ళమీద పడబోతే లేవనెత్తింది. అప్పుడు నువ్వు పెళ్ళికూతురివి, నీకేం తెలుస్తుంది లే అంది. రొట్టెలు గుడ్డలో చుట్టి పెట్టు, ఎండిపోతాయి అని కూడా అంది.

వరండాలో ఆయన పేపరు అలాగే పట్టుకుని ఉన్నాడు. ఎదురుగా స్టూలు మీద కూర్చుంది.

“ఆ ద్వీపంలో ఏముందండీ?”

“రాళ్ళు” అన్నాడు అలవాటుకొద్దీ. “రాళ్ళు తప్ప...” అని ఆగిపోయాడు. పేపరు మడిచి పక్కన పెట్టాడు. అమ్మ మాట కాదనలేకపోయానన్నాడు. ఆ తర్వాత నిన్ను అక్కడికి తీసుకెళ్ళాలంటే నాకు కాళ్ళు రాలేదు, ఆ రాయి చూస్తే నువ్వే గుర్తొచ్చేదానివి అన్నాడు. ఏడ్చాడు కూడా. ఇన్నేళ్ళుగా ఆమె తన కథలో ఏడిపించిన మనిషి, నిజంగా ఏడవడం ఆమె చూడటం అదే మొదలు. కానీ ఇప్పుడు ఆ కన్నీళ్ళు ఎక్కడ పెట్టుకోవాలో ఆమెకు తెలియలేదు.

“మీరు వెళ్ళినందుకు కాదు” అంది చివరికి. “మీ అమ్మకి భయపడ్డారు, సరే. కానీ షికారుకెళ్ళి విరగ్గొట్టుకొచ్చిన ఆ చేతిని రెండు నెలలు నాచేత కడిగించారు చూడండి... పక్కగదిలో కూర్చుని చూస్తూ ఊరుకున్నారు. అదండీ.”

ఆయన ఏదో అనబోయేలోగా మేడమెట్లు దిగుతూ కూతురు వచ్చింది. పడవ ఏడింటికట, ఆలస్యమైతే ఆగదట. నాన్నా, కళ్ళేంటి ఎర్రగా ఉన్నాయి, పేపర్లో అంత ఏడుపు వార్త ఏముంది అని వేళాకోళం చేసింది. పిల్ల ముఖంలో ఆ సంబరం చూసి కాజాలమ్మ నోటిదాకా వచ్చినదాన్ని మింగేసింది. తండ్రి బొమ్మను ఆ గుండెలో చెక్కింది తనే. చెక్కిన చేతులతోనే పగలగొట్టడానికి మనసొప్పలేదు. అలాగని ఏమీ జరగనట్టు ఆయన పక్కన నడిచి ఆ రాయెక్కడానికీ మనసొప్పలేదు.

పొద్దున్న రేవులో గాలి చల్లగా ఉంది. ఆయన రాత్రే బూట్లు తుడుచుకుని సంచీ సర్దుకున్నాడు. క్షమించేసింది కాబోలు అనుకున్నాడేమో, పడవ దగ్గర ఆమెకు చెయ్యందించబోయాడు. కాజాలమ్మ ఆ చెయ్యి పట్టుకోలేదు. ఆయన భుజాన ఉన్న సంచీ తీసి ఆయన కాళ్ళ దగ్గరే పెట్టింది.

“అదేంటమ్మా, నాన్న రావట్లేదా?” అంది కూతురు.

“ఆయనకి సెలవు దొరకలేదమ్మా.”

కూతురు పకపకా నవ్వింది. “రిటైరై నాలుగేళ్ళయింది, ఇంకా సెలవేంటమ్మా? ఎవరివ్వాలి?”

“ఇవ్వాల్సినవాళ్ళు ఇవ్వలేదు” అని కాజాలమ్మ పడవలోకి దిగి కూర్చుంది. ఆడపడుచు తల దించుకుంది. ఆయన నోరు మెదపలేదు. ఆనాటిలాగే... కాకపోతే ఈసారి ఒడ్డున మిగిలింది ఆయన. కూతురు బతిమాలబోతే, నాకు మోకాలు బాలేదు, మీరు వెళ్ళిరండి అని తనే ఒక అబద్ధం చెప్పాడు. ఆ ఒక్క అబద్ధం మాత్రం ఆమెకు మేలు చేసింది.

నల్లరాయి దగ్గర ఆడపడుచు ముందు దిగి చెయ్యి చాపింది. కాజాలమ్మ ఆ చెయ్యి పట్టుకుంది. “విరిగిన చెయ్యి ఒకదానికి చాకిరీ చేశాను, ఇంకోదానికి నావల్ల కాదు, గట్టిగా నిలబడు” అంది. ఆడపడుచు నవ్వబోయి భోరుమంది. గాలికి కళ్ళలో ఉప్పు పడిందేమో అనుకుంది కూతురు.

ద్వీపంలో నిజంగానే రాళ్ళు తప్ప ఏమీ లేవు. ఆ ఒక్కటీ ఆయన నిజమే చెప్పాడు. గుట్ట మీదికెక్కి కూతురు ఆనందంతో కేక పెట్టింది. ఇక్కణ్ణుంచి మన ఊరంతా కనిపిస్తోంది, అదిగో ఐసు ఫ్యాక్టరీ గొట్టం, అదిగో మన తూర్పు కిటికీ!

కొత్త కళ్ళకు అన్నీ తేటగా కనిపించాయి. ఇక్కడే నిలబడి ఆయన కూడా చూసి ఉంటాడు, ఆగకుండా తిరుగుతున్న ఐసు మిషను పొగనూ, తను లేక మూసి ఉన్న ఆ కిటికీనీ. చూసి, మళ్ళీ కిందికి దిగి, రొట్టె తిని ఉంటాడు. ముప్పై ఏళ్ళు తను అటునుంచి ఇటు ఆశగా చూసిన చూపంతా ఈ రాళ్ళకు తగిలి పగిలిపోయింది.

“నాన్న కిటికీ దగ్గరే కూర్చుని ఉంటారు. చెయ్యి ఊపమ్మా” అంది కూతురు, తను రెండు చేతులూ ఊపుతూ.

కాజాలమ్మ చెయ్యెత్తింది. ఎత్తి, డాక్టరు ఇచ్చిన నల్లకళ్ళద్దాలు తీసి పెట్టుకుంది.

“ఎండగా ఉందే” అంది.