రాదెక్ ఆడని మ్యాచ్

మ్యాచ్ అయిపోయింది. అందరూ డ్రెస్సింగ్ రూమ్‌లోకి వెళ్లిపోయారు. రాదెక్ ఒక్కడే బయట కారిడార్‌లో గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఒక స్కేట్ లేసు విప్పాడు. రెండోది ఎలా విప్పాలో మరచిపోయినట్టు దానివైపే చూస్తున్నాడు.

రుచిత అతని వాటర్ బాటిల్ పట్టుకుని వచ్చింది.

"రాదెక్, నాన్న కార్ దగ్గరున్నాడు. రా."

"వస్తున్నా," అన్నాడు కానీ లేవలేదు. "మ్యాచ్ ఎవరు గెలిచారు?" అని అడిగాడు.

రుచిత జోక్ అనుకుని నవ్వింది. టీమ్‌ని గెలిపించిన గోల్ కొట్టింది అతనే మరి. ఆ తర్వాతే అవతలి టీమ్ ఆటగాడొకడు ఢీకొడితే రాదెక్ తల వెళ్లి ఐస్ రింక్ చుట్టూ ఉన్న అద్దానికి తగిలింది. వెంటనే లేచాడు కాబట్టి ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

అంతలో రాదెక్ పక్కనున్న చెత్తబుట్టను దగ్గరకు లాక్కుని వాంతి చేసుకున్నాడు. రుచిత నవ్వు ఆగిపోయింది.

రాదెక్‌కి పంతొమ్మిదేళ్లు. చెక్ దేశంలో కొండల మధ్య ఉన్న ఓ చిన్న ఊరు అతనిది. మూడేళ్లకే కాళ్లకు స్కేట్లు కట్టుకున్నాడు. పదిహేనేళ్లకు ఇల్లు వదిలి, ఐస్ హాకీ నేర్పే హాస్టల్లో చేరాడు. పదిహేడేళ్లకు ఆ దేశపు జూనియర్ టీమ్ సెలక్షన్ దాకా వెళ్లాడు. ఆ మరుసటి ఏడాది భుజం దగ్గర ఎముక విరిగింది. అది అతుక్కునేలోపు పెద్ద క్లబ్బులన్నీ వేరే కుర్రాళ్లను తీసేసుకున్నాయి.

అందుకే ఈ చలికాలం సిడ్నీ వచ్చి ఇక్కడి టీమ్‌లో ఆడుతున్నాడు. అక్కడి స్కోఫీల్డ్స్ ఏరియాలో రుచిత వాళ్లింట్లో, మేడ మీద గదిలో ఉంటున్నాడు. పదేళ్ల రుచిత పిల్లల టీమ్‌లో గోలీ. అంటే గోల్ దగ్గర నిలబడి, దూసుకొచ్చే పక్‌ని ఆపాలి. ఆ రబ్బరు బిళ్ల ఎగిరొస్తే చాలు, కళ్లు మూసుకునేది. ఆ అలవాటు మాన్పించింది రాదెక్కే.

"కోచ్‌ని పిలుస్తా," అంది రుచిత.

రాదెక్ ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "వద్దు. ప్లీజ్. రేపటి మ్యాచ్‌ని మా దేశంలో ఒక పెద్ద క్లబ్ వాళ్లు లైవ్‌లో చూస్తారు. నా కోసమే. నచ్చితే తీసుకుంటారు. రేపు ఒక్కరోజు. మ్యాచ్ అయిపోగానే నేనే కోచ్‌కి చెప్తా. ప్రామిస్ చెయ్యి."

అంత పెద్ద ప్లేయర్ తనని బతిమాలుతున్నాడు. రుచితకు భయంగానూ ఉంది, గర్వంగానూ ఉంది.

"ప్రామిస్," అంది.

కారులో వాళ్ల నాన్న బాలమురళి అద్దంలోంచి చూస్తూ అడిగాడు. "గట్టిగానే తగిలినట్టుంది. ఓకేనా రాదెక్?"

"ఐయామ్ ఫైన్, అంకుల్."

ఇంటి మలుపు దగ్గర రాదెక్ రుచిత వైపు వంగి, "ఎవరు గెలిచారు?" అని మళ్లీ అడిగాడు. రుచిత కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

ఆదివారం పొద్దున అమ్మ ఉదయలక్ష్మి పెసరట్లు వేసింది. రాదెక్ టోపీ కళ్లమీదికి లాక్కుని కూర్చున్నాడు. వంటింట్లో లైటు కూడా అతను భరించలేకపోతున్నట్టుంది.

"ఏంటి బాబూ, ముట్టుకోనే లేదు?" అంది అమ్మ.

"చాలు ఆంటీ," అన్నాడు, తనకొచ్చిన నాలుగు తెలుగు మాటల్లో ఒకటి వాడి.

"మ్యాచ్ ముందు అంతేనమ్మా. టెన్షన్," అంది రుచిత. అమ్మ పొయ్యి వైపు తిరగగానే అతని ప్లేటులో పెసరట్లు రెండూ తన ప్లేటులోకి లాగేసుకుంది.

మధ్యాహ్నం రింక్‌లో కోచ్ హెదర్ రుచితను పక్కకు పిలిచింది. పెద్దవాళ్ల టీమ్‌కీ, పిల్లల టీమ్‌కీ ఆవిడే కోచ్.

"రుచీ, తల దెబ్బ గురించి నేనడిగిన ప్రశ్నలన్నిటికీ రాదెక్ సరిగ్గానే జవాబిచ్చాడు. బాగున్నానంటున్నాడు. ఆడాలనుకునేవాళ్లు అందరూ అదే అంటారు. మీరంతా ఒకే ఇంట్లో ఉంటారు కదా. నిన్నటి నుంచి ఏమైనా తేడాగా ఉన్నాడా?"

కోచ్ వెనక బెంచీ మీద రాదెక్ లేసులు కట్టుకుంటున్నాడు. తల ఎత్తలేదు. చేతులు మాత్రం ఆగిపోయాయి.

"లేదు కోచ్. బాగానే ఉన్నాడు."

"తిన్నాడా?"

"రెండు పెసరట్లు తిన్నాడు."

ఆ రెండో అబద్ధం ఎలా వచ్చిందో రుచితకే తెలియలేదు. మొదటిది చెప్పాక అదే జారిపోయింది.

నాలుగున్నరకు మ్యాచ్. రాదెక్ దేశంలో అప్పుడు ఉదయం ఎనిమిదిన్నర. అంతకుముందు ఆటగాళ్లు వార్మప్‌కి ఐస్ మీదికి వచ్చారు. రుచిత నాన్నతో కలిసి అద్దం వెనక నిలబడింది.

ఒకడు రాదెక్‌కి పక్ అందించాడు. తిన్నగా, నెమ్మదిగా వచ్చింది. రాదెక్ తన స్టిక్ ఇంకెక్కడో పెట్టాడు. పక్ పక్కనుంచి వెళ్లిపోయింది. రెండోసారీ అంతే. విజిల్ వేయగానే అందరూ ఎడమకు తిరిగారు. అతను కుడికి తిరిగి, సొంత టీమ్ గోలీనే గుద్దుకున్నాడు. అందరూ నవ్వారు. కాస్త ఆలస్యంగా రాదెక్ కూడా నవ్వాడు.

రుచిత నవ్వలేదు. నెమ్మదిగా వచ్చే పక్ కూడా కనపడనివాడికి, వేగంగా మీదికొచ్చే మనిషి ఎలా కనపడతాడు?

ప్రామిస్ చేసింది. రాదెక్ ఇన్నేళ్లు ఎదురుచూసిన మ్యాచ్ ఇది. మ్యాచ్ మొదలవడానికి స్కోర్ బోర్డు మీద ఇంకా నాలుగు నిమిషాలు ఉన్నాయి.

"ఏంటమ్మా, చలేస్తోందా?" అన్నాడు నాన్న.

"నాన్నా, కోచ్ దగ్గరికి వెళ్లాలి. ఇప్పుడే."

సమాధానం కోసం ఆగకుండా పరుగెత్తింది. మెట్లు దిగి, ఆటగాళ్ల బెంచీ దగ్గరికి వెళ్లి, కోచ్ జాకెట్ పట్టుకుని లాగింది.

"కోచ్, నేను అబద్ధం చెప్పాను. రాదెక్ నిన్న వాంతి చేసుకున్నాడు. ఎవరు గెలిచారని రెండుసార్లు అడిగాడు. పొద్దున ఏమీ తినలేదు. ఆ పెసరట్లు నేనే తిన్నాను."

కోచ్ ఒక్క క్షణం ఆమె ముఖంలోకి చూసింది. తర్వాత రాదెక్‌ని పిలిచింది.

అతను వచ్చాడు. కోచ్‌ని చూశాడు, పక్కనున్న రుచితను చూశాడు. అతనికి అర్థమైపోయింది.

"నాకేం కాలేదు! అది చిన్నపిల్ల. దానికేం తెలుసు?"

"హెల్మెట్ తీసెయ్, రాదెక్," అంది కోచ్ నెమ్మదిగా. "ఇవాళ నువ్వు ఆడట్లేదు."

రాదెక్ స్టిక్ కింద పడేశాడు. రుచిత పక్కనుంచి వెళ్తూ ఒక్క మాటే అన్నాడు.

"ప్రామిస్ చేశావు."

నాలుగున్నరకు రాదెక్ లేకుండానే మ్యాచ్ మొదలైంది. నాన్న అతన్ని హాస్పిటల్‌కి తీసుకెళ్లాడు. వెనక సీట్లో రుచిత అతని హెల్మెట్ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

తల లోపల దెబ్బకు మెదడు అదిరిందని డాక్టర్ చెప్పింది. అది మానకముందే ఇంకో దెబ్బ తగిలితే ప్రాణానికే ప్రమాదం. కొన్ని వారాలు ఆట లేదు, ఫోన్ లేదు, చదవడం లేదు.

బుధవారం ఆ పెద్ద క్లబ్ నుంచి ఈమెయిల్ వచ్చింది. రాదెక్ స్క్రీన్ చూడకూడదు కాబట్టి బాలమురళి చదివి వినిపించాడు. వాళ్లు ఇంకో కుర్రాణ్ణి తీసుకున్నారట. రాదెక్ "థాంక్యూ, అంకుల్," అని మేడెక్కి తలుపు వేసుకున్నాడు.

రుచితతో అతను మాట్లాడటం మానేశాడు. మెట్ల మీద ఎదురైతే పక్కకు తప్పుకునేవాడు.

రుచిత అమ్మతో కలిసి ఉతికిన బట్టలు మడతపెడుతూ ఏడ్చేసింది. "నా వల్లే కదమ్మా. రాదెక్‌కి సారీ చెప్పనా?"

"దేనికి?" అంది అమ్మ.

రుచిత చేతిలో టవల్ అలాగే ఉండిపోయింది. ప్రామిస్ తప్పినందుకు అనబోయింది. కానీ అది తప్పనిపించలేదు. టవల్ మడిచి పెట్టి, "రాదెక్ పెసరట్లు తినకపోతే టెన్షన్ అని నీకు అబద్ధం చెప్పాను. సారీ అమ్మా," అంది. ఆ తర్వాతి ప్రాక్టీస్‌లో కోచ్‌కి కూడా సారీ చెప్పింది.

రాదెక్‌కి ఏం చెప్పాలో మాత్రం తెలియలేదు. చీకటి గదిలో రోజంతా ఏమీ చేయకుండా పడుకుంటున్నాడు. స్కూల్ నుంచి రాగానే రుచిత అతని గది బయట మెట్టు మీద కూర్చుని, తన హోమ్‌వర్క్ పుస్తకం మెల్లగా పైకి చదవడం మొదలుపెట్టింది. నేలలో బొరియలు తవ్వే వాంబాట్ అనే జంతువు గురించి. మొదటి రోజు తలుపు తెరుచుకోలేదు. రెండో రోజూ అంతే. మూడో రోజు కొంచెం తెరుచుకుంది.

రాదెక్ గుమ్మం దగ్గర నేల మీద కూర్చున్నాడు.

"హాస్టల్లో నా రూమ్మేట్ మిలోష్," అన్నాడు. "నాకంటే బాగా ఆడేవాడు. తలకు దెబ్బ తగిలితే, ఎవరికీ చెప్పొద్దన్నాడు. నేను చెప్పలేదు. మర్నాడు ఇంకో దెబ్బ తగిలింది. ఇప్పుడు వాడు పుస్తకం పది నిమిషాలు చదవలేడు."

"అంతా తెలిసి కూడా నువ్వు..."

"తెలుసు. కానీ ఆ మ్యాచ్ అంతగా కావాలనిపించింది." తలుపు ఇంకాస్త తెరిచాడు. "నీ మీద కోపం ఇంకా పూర్తిగా పోలేదు రుచీ. కానీ నా సీక్రెట్ నీ నెత్తిన పెట్టాను చూడు, అది తప్పు. సారీ." గోడకు తల ఆన్చి కళ్లు మూసుకున్నాడు. "ఆ వాంబాట్ ఏమైందో చదువు."

నాలుగు వారాలు గడిచాయి. అంతా బాగుంటే సోమవారం నుంచి స్కేటింగ్ చేయొచ్చని డాక్టర్ ముందే అంది. రాదెక్ స్కేట్లు కార్లో పెట్టుకునే క్లినిక్‌కి వచ్చాడు. అమ్మ, రుచిత కూడా వచ్చారు.

"తలనొప్పి ఏమైనా వచ్చిందా?" అని డాక్టర్ రాదెక్‌ని అడిగింది.

రాదెక్ గోడ మీది క్యాలెండర్ వైపు చూశాడు.

సోమవారం కోసం రుచిత కూడా రోజులు లెక్కపెట్టుకుంది. అయినా కుర్చీలోంచి లేచి నిలబడింది.

"గురువారం మేమిద్దరం టీవీ చూస్తున్నాం. మధ్యలో తల పట్టుకుని లైటు ఆపేయమన్నాడు."

రాదెక్ నేలవైపు చూస్తూ ఉండిపోయాడు. తర్వాత తల ఎత్తి డాక్టర్‌ వైపు తిరిగాడు.

"శుక్రవారం కూడా వచ్చింది," అన్నాడు.

డాక్టర్ కాగితం మీద సోమవారం తేదీ కొట్టేసి, దాని కింద రెండు వారాల తర్వాతి తేదీ రాసింది.