మహీన్‌కు నేను తగిలించని పని

ప్రొద్దుటూరులో మా ఇంటి ముందుగదిలో ఒకప్పుడు నాయన పరుపులు కుట్టేవాడు. ఇప్పుడు అక్కడ నా కంప్యూటరు ఉంది. ఎంత ఊడ్చినా మూలల్లో దూది దుమ్ము వాసన పోలేదు. నేను పదో తరగతి దాటలేదు. పాత పేపర్ల అంగట్లో కిలోల లెక్కన అమ్మే పుస్తకాలు తెచ్చుకుని ప్రోగ్రాములు రాయడం నేర్చుకున్నాను. ఆడదానికి ఇవన్నీ దేనికి అని అన్న పెద్దమనుషులే ఇప్పుడు ఆసుపత్రి టోకెన్ల ప్రోగ్రాముకని నా గడప తొక్కుతున్నారు. కూర్చోమని నేను అనను.

మహీన్ నా చెల్లెలు తస్లీమా కూతురు. ఆరేళ్ల పిల్ల. ఏప్రిల్‌లో ఒకరోజు పిల్లను నా దగ్గర వదిలి తస్లీమా పులివెందుల పోయింది. ట్యాంకరు వచ్చి వాకిట్లో నేల కింది నీళ్ల సంపు నింపి వెళ్లింది. మూత వెయ్యాల్సింది నేను. ప్రోగ్రాంలో ఒక తప్పు అప్పుడే దొరికేలా ఉంది. 'పెద్దమ్మా' అని వినిపించింది. కాసేపటికి ఇంకోసారి వినిపించింది. నేను తల ఎత్తలేదు. తస్లీమా తిరిగొచ్చేసరికి పిల్లను సంపులోంచి తీసి పడుకోబెట్టారు.

"పిల్ల పిలవలేదా అక్కా?" అని తస్లీమా అడిగింది.

"నాకేం వినపడలే" అన్నాను.

నమ్మింది. ఆ మాట మీదే మేమిద్దరం అక్కచెల్లెళ్లుగా మిగిలాం.

దాని మొగుడు అన్సర్ వచ్చి పదిరోజులుండి మళ్లీ కువైట్ వెళ్లిపోయాడు. జమ్మలమడుగులో అత్తగారింటికి పోకుండా తస్లీమా నా దగ్గరే ఉండిపోయింది. ఒకరోజు మధ్యాహ్నం, "నీ మిషన్లో మహీన్‌ను రాస్తావా అక్కా" అని అడిగింది.

రాశాను. మామూలుగా ప్రోగ్రాంలో ఒక వస్తువును తయారు చేసేటప్పుడు దానికి ఏ గుణాలుండాలో, ఏ పనులు రావాలో ముందే రాసుకోవాలి. నేను వాడే భాషలో ఆ పట్టింపు లేదు. ప్రోగ్రాం నడుస్తుండగానే కొత్త గుణం తగిలించవచ్చు, కొత్త పని నేర్పవచ్చు. అత్తింట్లో అడుగుపెట్టిన కోడలికి రోజుకొక పని తగిలిస్తారే, అట్లా. ఒద్దనే నోరు దానికీ లేదు.

రోజూ అన్నాలయ్యాక తస్లీమా ఒకటో రెండో చెప్పేది, నేను చేర్చేదాన్ని. చెప్పులు చేత్తో పట్టుకుని నడవడం. నిద్రలో పళ్లు కొరకడం. మామిడికాయకు కారం ఎక్కువేయమనడం. పని పేరు కొడితే తెర మీద ఒక వాక్యం వచ్చేది. తస్లీమా దాన్ని వేలితో తడిమేది.

"దీన్ని ఆపొద్దక్కా. ఆపితే ఇంకోసారి సచ్చిపోయినట్టే."

నడుస్తుండగా చేర్చినవి నడిచినంత సేపే ఉంటాయి. ఆపకుండానే వాటిని ఫైల్లో దాచే దారి ఉంది. నాకు తెలుసు. చెప్పలేదు. అది ఎప్పుడో ఒకనాడు ఆరిపోతే బాగుండని నా లోపల ఒకటి కోరుకుంటూ ఉండింది.

నలభయ్యో దినం మహీన్ పేరున ఫాతెహా చదివించాం. అంతవరకు పోయినవాళ్లు ఇంటి చుట్టే తిరుగుతుంటారని మావాళ్లంటారు. పుస్తకాలు చదివినదాన్ని, నేను నమ్మలేదు. చుట్టాలు వెళ్లిపోయేసరికి మూడైంది. ఎర్రదుమ్ము లేచి ఊరంతా మసక కమ్మింది. కరెంటు పోయింది. తలుపులు మూశాను. గదిలో ఊదుబత్తి వాసన, సేమ్యా వాసన, వాటి అడుగున తడి సున్నం వాసన... ఎక్కడిదో తెలియలేదు. ఇన్వర్టరు కీచుమంటోంది.

"ఈ పొద్దు అన్నీ ఒకసారి చూపియ్యక్కా" అంది తస్లీమా.

జాబితా అడిగాను. ముప్పై ఎనిమిది చేర్చాను. ముప్పై తొమ్మిది వచ్చాయి.

చివరిది 'పిలుపు'.

"నువ్వేమన్నా నొక్కినావా?"

"నాకేం తెలుస్తాది దాంట్లో?"

తీసేశాను. మళ్లీ జాబితా అడిగాను. ఉంది. తీసేశాను... ఉంది.

"అదేందో చూడక్కా."

"ఏం లేదులే. తప్పు పడింది."

"తప్పు పడితే నువ్వు మిషన్ను అమ్మనాబూతులు తిడతావు. ఇప్పుడేంది, నోరు ఎండిపోయిండాది?"

నా చెయ్యి పక్కకు నెట్టి ఆ పేరు తనే కొట్టింది.

పెద్దమ్మా.

కాసేపటికి మళ్లీ. పెద్దమ్మా.

ఆ రెండూ నాకు తెలుసు. ఇక ఆగుతుందనుకున్నాను. మూడోది వచ్చింది. నాలుగోది. ఇవి నేను విననివి. ఏడో వరసలో 'పెద్దమ్' అని మాత్రమే ఉంది. ఎనిమిదో వరసలో 'పెద్'. తర్వాత ఒక్క అక్షరం. ఆ తర్వాత ఖాళీ వరసలు... ఒకదాని కింద ఒకటి... తొందర లేకుండా... పడుతూనే ఉన్నాయి.

ఇన్వర్టరు మూగబోయింది. తెర ఆరింది.

చీకట్లో తస్లీమా ఊపిరి వినిపిస్తోంది. గొంతు తగ్గించి అడిగింది.

"ఎన్ని విన్యావు?"

"రెండు."

ఏడవలేదు. తిట్టలేదు. తిడుతుందని చూశాను. నన్ను తిట్టడానికి ఇంట్లో హక్కున్నది దానొక్కదానికే. లేచి బురఖా వేసుకుంది.

"యాడికి?"

"ఇంటికి పోతా. నువ్వు అప్పుడే చెప్పింటే, ఈ నలభై దినాలు నేను నీ చేతి కూడు తినకపోదును."

అడ్డం నిలబడే మొహం నాకు లేదు.

ఆరు దాటాక కరెంటు వచ్చింది. మహీన్‌కు తగిలించినవన్నీ పోయాయి, పోవాల్సినట్టే. ఎందుకో తెలియదు, కొత్త ప్రోగ్రాం తెరిచాను. ఒక ఖాళీ వస్తువును చేశాను. పేరు కూడా పెట్టలేదు. గుణం లేదు, పని లేదు. అలవాటుగా జాబితా అడిగాను.

ఒకటి ఉంది.

తోడు: అమ్మ.

జమ్మలమడుగుకు బస్సులో గంట కూడా పట్టదు. తస్లీమా బయలుదేరి రెండు గంటలైంది. దాని ఫోను మోగుతోంది, ఎత్తడం లేదు. దాని అత్త దిల్షాద్‌బీకి చేశాను.

"తస్లీమానా? ఈడికి రాలేదే. ఆడ నీ కాడే ఉండాదనుకుంటిమి."

ఫోను పెట్టేశాను. ఆ వరస తెర మీద అలాగే ఉంది. దాన్ని తీసెయ్యడం ఒక్క మాట పని. వేలు పెట్టి కూర్చున్నాను. తీస్తే ఆ వరస మాత్రమే పోతుందో, ఇంకెవరన్నా పోతారో... నేను చదివిన ఏ పుస్తకంలోనూ లేదు.