బజర్ మోగాలంటే

పొద్దున్నే ట్వైలా వంటగదిలో ఫ్రిజ్‌కు ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుంది. ఫ్రిజ్జే ఆమెకు ట్రక్కు. పదింటికి డ్రైవింగ్ పరీక్ష. గాలి బ్రేకులను వరసలో ఒక్క మెట్టూ తప్పకుండా తనిఖీ చేస్తూ, చేసేది పైకి చెప్పాలి. పోయినసారి అక్కడే తప్పింది. ఈసారీ తప్పితే, జీతమిస్తూ పని నేర్పుతున్న ట్రక్కుల కంపెనీ ఆమె చోటు ఇంకొకరికి ఇచ్చేస్తుంది. ముప్పై తొమ్మిదేళ్లొచ్చాయి. అమెరికాలో అర్కాన్సా రాష్ట్రంలోని ఈ చిన్న ఊళ్లో పద్నాలుగేళ్లు కోళ్ల ఫ్యాక్టరీలో మాంసం కోసి వేళ్లు కొంకర్లు పోయాయి. మళ్లీ ఆ గుమ్మం తొక్కకూడదని ఒట్టు పెట్టుకుంది.

బల్ల దగ్గర వాళ్ల నాన్న వెర్లిన్ మెత్తటి బన్నుల్లాంటి వేడి బిస్కెట్ల మీద గ్రేవీ పోసుకుంటున్నాడు. ముప్పై ఒక్క ఏళ్లు ట్రక్కు తోలిన మనిషి. కూతురు ఈ పనిలో చేరి మూడు వారాలైంది. అప్పటినుంచీ ఉప్పు అందించమనడం తప్ప ఇంకో మాట లేదు. అంత మొండివాడు. ఆమెకు అబ్బిందీ ఆ మొండితనమే.

"ఇంజన్ ఆపాను. బ్రేకు తొక్కి వదులుతూ గాలి తగ్గిస్తున్నాను. మీటర్లో ఒత్తిడి అరవై దగ్గరకొచ్చేసరికి హెచ్చరిక బజర్ మోగుతుంది," అంది ట్వైలా.

"మోగదు," అన్నాడు వెర్లిన్.

ఆమెకు ఒళ్లు మండింది. తను తప్పితే చూడాలని కాచుకున్నాడని, ఆడది ఎక్కితే ట్రక్కు కదలనంటుందా అని దులిపేసింది. అతను ప్లేటు పక్కకు నెట్టాడు.

"మీ అమ్మ పోయిననాడు నేను ట్రక్కుతో ఎక్కడో వయోమింగ్‌లో మంచులో ఇరుక్కుపోయాను. అంతా నువ్వొక్కదానివే చూసుకున్నావు. రేపు నేను పోయేటప్పుడు నువ్వెక్కడుంటావమ్మా?"

మూడు వారాల మౌనానికి కారణం ఇదని ఆమె ఊహించలేదు. కోపమంతా నీరుగారిపోయింది. ఏడుపొచ్చింది కానీ కుర్చీలోంచి లేవలేదు.

"నాకు తెలీదు డాడీ. అబద్ధం చెప్పలేను. ఎక్కడున్నా బయల్దేరి వస్తాను. అంతేగాని నువ్వు పోయేదాకా గుమ్మంలో కాపలా కూర్చోమంటే నావల్ల కాదు. పదింటికి వెళ్తున్నాను."

వెర్లిన్ ముక్కు తుడుచుకున్నాడు. కుర్చీ ఈడ్చుకొచ్చి, పని నేర్పేవాళ్లు కూర్చునే కుడివైపున వేసుకున్నాడు.

"బజర్ని నేను. మొదటినుంచి చెప్పు."

చెప్పింది. అతను పెదవులు బిగించి ఎదురుగా చూస్తూ కూర్చున్నాడు. మళ్లీ చెప్పింది. బజర్ మోగలేదు. మూడోసారి ఇంజన్ ఆపానంటూ తాళం తిప్పబోయిన చెయ్యి గాలిలోనే ఆగింది. తాళం ఆఫ్‌లోనే వదిలేస్తే బజర్‌కు కరెంటే ఉండదు.

"ఇంజన్ ఆపాను," అంది నెమ్మదిగా. "స్టార్ట్ చెయ్యకుండా తాళం మళ్లీ ఆన్ చేస్తున్నాను. ఇప్పుడు బ్రేకు తొక్కుతున్నాను."

డెబ్బై నాలుగేళ్ల వెర్లిన్ బీ... అని మోగాడు. కళ్లవెంట నీళ్లు కారిపోతున్నా ఆపలేదు. ట్వైలా అతని చెయ్యి గట్టిగా పట్టుకుని, ఆ మోతలోనే మిగతాదంతా తప్పు లేకుండా చెప్పేసింది.