పడవ మునిగిన వార్త

మన మనిషి కుర్చీలోనే చనిపోయి ఉన్నాడు. మెడ వెనక సన్నటి సూది గుర్తు. ఎదురుగా కంప్యూటర్ ఇంకా వెలుగుతూనే ఉంది. దాని మీద ఏదో న్యూస్ పేజీ. అది ఏ భాషో ఆ గదిలోకి వెళ్ళిన వాళ్ళెవరికీ అంతుపట్టలేదు.

ఆ పేజీ ఫోటోని మహబూబ్ బాషా టేబుల్ మీద ముందుకు జరిపాడు. పైకి ఇన్సూరెన్స్ ఆఫీసులా కనబడే ఆ మేడలో ఆయన బ్రాంచ్ మేనేజర్. అసలు ఉద్యోగం బెంగళూరు గూఢచారి విభాగానికి చీఫ్.

"ఎస్పరాంటో. ఏ దేశానికీ సొంతం కాని భాష. అందులో రోజూ ప్రపంచ వార్తలు పెట్టే వెబ్‌సైట్ ఇది."

"ఎవరు చదువుతారు సర్?" అంది ఎదురుగా కూర్చున్న ఏజెంట్ ప్రిస్కిల్లా.

"ఎవరూ పట్టించుకోరు. అందుకే శత్రువు చదువుతున్నాడు. మన క్షిపణి గైడెన్స్ చిప్ మీద ఒక విదేశీ గూఢచారి రింగ్ కన్నేసింది. వాళ్ళ సంకేతాలు ఈ వార్తల్లో దాక్కుని వెళ్తున్నాయి. సైట్ నడిపేది కాటన్‌పేటలో వెంకటేశప్ప అని రిటైర్డ్ టీచర్. ఆ భాష నేర్చుకునే స్టూడెంట్‌గా వెళ్ళు."

అలా 2003 చివర్లో ప్రిస్కిల్లా కాస్తా ఎలిజబెత్ అయింది. పెన్నులో కెమెరా, చెవి దుద్దులో రిసీవర్. బట్టల కొట్టు మీద వెంకటేశప్ప ఇల్లు. ముందుగదిలో పాత కంప్యూటర్, దాని ముందు బనియన్‌తో ఆయన. పొద్దున్నే లేచి నలుమూలల నుంచి మిత్రులు పంపిన కబుర్లు చదివి, దిద్ది, సైట్‌లో పెట్టడమే ఆయన లోకం.

"సూడు అమ్మణ్ణీ," అన్నాడు మొదటిరోజు. "పేపరోళ్ళు యుద్ధమొస్తేనే ఆ దేశం పేరు రాస్తారు. ఈడ అట్ల కాదు. ఆడ ద్రాక్ష బాగా కాసినా మనకి తెలస్తాది. ఎవురో మనింట్లోకొచ్చి చెప్పినట్లుండాది కదా?"

ఆయన అమాయకుడని ప్రిస్కిల్లాకి వారంలోపే అర్థమైంది. సంకేతాలు దూర్చేది ఆయన కాదు. వార్తలు అనువదించి ఇవ్వడానికి వచ్చే రంజిత. దొడ్డబళ్ళాపురం నుంచి పట్టు ఎగుమతి చేస్తుంది. ఆమె మెట్లెక్కితే కింద కొట్లో బేరాలు ఆగిపోయేవి. రింగ్ తరఫున పని చేస్తూనే, వాళ్ళ రహస్యాలు కొన్ని బాషాకి కూడా చేరవేస్తోంది. ఆమె నిజంగా ఎవరి మనిషో బాషాకి కూడా తెలియదు.

జనవరిలో ఒక శనివారం రంజిత ప్రిస్కిల్లాని కారెక్కించుకుంది.

"చిప్ ల్యాబ్ దాటేసింది. రేపు మధ్యాహ్నం ఫ్లైట్. కొరియర్ ఎవరో నాకూ తెలీదు. సైట్‌లో పడవ మునిగిన వార్త మెయిన్ స్టోరీగా వస్తే, ఎయిర్‌పోర్ట్ డేంజర్ అని వాళ్ళ కోడ్. అప్పుడు అతను అత్తిబెలె చెక్‌పోస్ట్ దగ్గర నన్ను కలవాలి. నేను రాష్ట్రం బోర్డర్ దాటించాలి."

"అయితే ఆ వార్త నువ్వే పెట్టు."

"మెయిన్ స్టోరీ ఎడిటర్ పాస్‌వర్డ్‌తోనే పడుతుంది డియర్. ముసలాయనకి ముద్దుల శిష్యురాలివి నువ్వే కదా."

ప్రిస్కిల్లా బాషాకి ఫోన్ చేసింది. "ఆయన్నే అడిగితే సరిపోతుంది సర్. మంచివాడు."

"సివిలియన్‌కి చెప్పడానికి వీల్లేదు. ఆర్డర్."

పాస్‌వర్డ్ ఆమెకి తెలుసు. వెంకటేశప్ప భార్య, చనిపోయిన సొన్నమ్మ పేరు. ఒక్కో అక్షరం పైకి పలుకుతూ, ప్రిస్కిల్లా పక్కన కూర్చుని ఉండగానే టైప్ చేసేవాడు.

ఆదివారం పొద్దున ఆమె వెళ్ళేసరికి ఆయన ఒక ఈమెయిల్ చదువుతూ నవ్వుకుంటున్నాడు. ఎక్కడో సముద్రం పక్కన చిన్న రేవులో ఉండే ఒక ముసలామె రాసిందట, మొగుడు చేపలకి పోయి ఉత్త చేతులతో వచ్చాడని.

"టిఫన్ తిన్నావా?" అన్నాడు.

"లేదు సార్." ఆయన్ని బయటికి పంపడానికి అంతకన్నా పెద్ద పన్నాగం అక్కర్లేదు.

"కుచ్చో. బేకరీలో ఖారా బన్ను తెస్తా."

ఆయన చెప్పుల చప్పుడు మెట్లు దిగగానే ఆమె వేళ్ళు కదిలాయి. పడవ మునిగింది, ఎవరూ బతకలేదు. ఏ ఊళ్ళో? ఊరి పేరు లేకుంటే వార్త నమ్మరు. ఆ కంగారులో ఇందాక విన్న రేవు పేరే చేతికి వచ్చింది. వెనక్కి తీసుకునేలోపు మెట్ల మీద మళ్ళీ చప్పుడైంది. బటన్ నొక్కేసింది.

బన్ను వేడిగా ఉంది. ఆయన చూస్తూ ఉంటే తినేసింది.

మధ్యాహ్నానికి ప్రిస్కిల్లా అత్తిబెలెలో తెల్ల చీర కట్టుకున్న నర్సు. పల్స్ పోలియో ఆదివారం. బస్సుల్లో, కార్లలో పిల్లలకి చుక్కలు వేసి, ఎడమచేతి చిటికెన వేలికి సిరా గుర్తు పెట్టడం డ్యూటీ. ఐస్ బాక్సులో మందు సీసాల కింద రివాల్వర్. నలభై ఏళ్ళు నర్సుగా చేసిన అమ్మ చూస్తే ఏమనేదో అనుకుంది.

టీ అంగడి ముందు నల్ల కళ్ళద్దాలతో రంజిత. కొరియర్ వచ్చి పలకరించగానే ఆ అద్దాలు తీయాలి. అదే సిగ్నల్.

"ఎనీ మూవ్‌మెంట్?" చెవిలో బాషా.

"లేదు సర్."

ఒక తెల్ల కారు ఆగింది. డ్రైవింగ్ సీట్లో చలువ చొక్కా మనిషి, వెనక ఒక ఆడమనిషి, ఒళ్ళో చంటిపిల్ల. అతను అద్దం దించి రంజితను దారి అడిగాడు. ఆమె బదులు చెప్పింది. ఆపైన అతని పక్క సీట్లో ఎక్కి కూర్చుంది. కళ్ళద్దాలు తీయలేదు.

దారి చూపుతోందా, కొరియర్‌ని దాటిస్తోందా? తేల్చుకునే వ్యవధి లేదు. చెక్‌పోస్ట్ గేటు లేస్తోంది. ప్రిస్కిల్లా ఐస్ బాక్సుతో కారుకి అడ్డం నిలబడింది.

"పాపకి చుక్కలు వేయాలి సార్," అంటూ అతని కిటికీ దగ్గరికి వచ్చింది.

"పొద్దున్నే వేయించాము. దారి వదులు," అన్నాడతను.

పాప చెయ్యి కిటికీ మీద ఉంది. చిటికెన వేలు పాలలా తెల్లగా ఉంది.

"వేయించుంటే సిరా ఏది సార్?"

అతను గేరు వేశాడు. అప్పటికే రివాల్వర్ అతని కణతకి ఆని ఉంది. గేటు పూర్తిగా లేచింది గానీ కారు కదల్లేదు. పాలపొడి డబ్బా అడుగున, ప్లాస్టిక్ కవరులో చిప్ దొరికింది. వెనకసీటు ఆమె కూలికి మాట్లాడుకున్న మనిషి, ఏమీ తెలియక ఏడుస్తోంది. ప్రిస్కిల్లా ముందు పాప నోట్లో చుక్కలు వేసి, వేలికి సిరా పెట్టింది.

అప్పుడు రంజిత తీరిగ్గా కళ్ళద్దాలు తీసింది. "సిగ్నల్ ఇచ్చాను, చూశావు కదా?"

"చూశాను. ఎవరు గెలిచారో తేలాక."

బాషా చెవిలో "బ్రేవో" అన్నాడు. ఆమె దుద్దు తీసి ఐస్‌లో పడేసింది.

మర్నాడు కాటన్‌పేటకి పోకుండా ఉండలేకపోయింది. వెంకటేశప్ప కంప్యూటర్ ముందు ఊరికే కూర్చుని ఉన్నాడు. సైట్‌లో ఆయన పేరుతో క్షమాపణ ఉంది: నిన్నటి పడవ వార్త అబద్ధం, తప్పు నాది.

"ఆ రేవులో ముసలామె, రోజంతా ఒడ్డునే నిలబడిందంట," అన్నాడు. "మొగుడు సాయంత్రం పడవ దిగేదాకా. నువ్వు రాస్తే నిజమే అయ్యుంటాది అనుకున్నాను అని రాసింది."

"అది మీరు రాయలేదు కదా సార్."

"లేదు. కానీ నన్ను నమ్మి కదా చదివింది." ఆయన తెర మీద నిన్నటి వార్తలో ఒక మాట చూపించాడు. "ఈడ మాట చివర న్ రావాల. దాన్ని మింగేసేది నా శిష్యుల్లో నువ్వొక్కదానివే అమ్మణ్ణీ."

ఆమె తల దించుకుంది.

"ఎందుకు చేసినావని అడగను. అడిగితే నువ్వింకో అబద్ధం చెప్పాల్సొస్తాది."

ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది. ముసలామెకి ఆ భాషలోనే ఉత్తరం రాసింది. వార్త రాసింది నేను, మా మాస్టారు కాదు, ఎందుకో చెప్పలేను, మీరు నిలబడిన ఆ రోజంతా నా మీదే ఉంటుంది. కింద ప్రిస్కిల్లా అని అసలు పేరు పెట్టింది. వెంకటేశప్ప ఆ పేరు చదివాడు. తప్పులు మాత్రం దిద్దలేదు.

వారం తర్వాత బాషా ఆమెను పిలిచి ప్రమోషన్ కాగితం చేతిలో పెట్టాడు. తర్వాత గొంతు తగ్గించాడు.

"అసలు పేరుతో, ఓపెన్ లైన్‌లో విదేశానికి క్షమాపణ పంపావట. సర్వీసులో ఎవరైనా చేసే పనేనా?"

"కాదు సర్."

"సరే. ఆవిడ క్షమించిందా?"

"దాని సంగతి ఏమీ రాయలేదు సర్," అంది ప్రిస్కిల్లా. "వ్యాకరణం దిద్ది వెనక్కి పంపింది."