వంటింటి గట్టు ఎత్తు

“అన్నీ బాగున్నాయండీ. మరి నా ఇల్లేదీ?”

బేకరీ అబ్బాయి నవ్వుతూనే అడిగాడు. ఆర్కిటెక్ట్ అమ్మాయికి మాత్రం కాళ్ల కింద నేల కదిలిపోయింది.

బల్ల మీద సహకార సంఘం ఇళ్ల నమూనా ఉంది. చుట్టూ నాలుగంతస్తుల్లో ఒకదాన్నొకటి ఆనుకుని ఇళ్లు, మధ్యలో అందరిదీ ఒకే తోట. ఇంటికో చెక్కముక్క. సభ్యులంతా చెయ్యెత్తితేనే ప్లాను ఖాయం. ఒక్క చెయ్యి లేవకపోయినా మళ్లీ మొదటికే. ఆమె గీసిన మొట్టమొదటి ప్లాను ఇది!

నమూనా చుట్టూ తిరిగింది. వంగి బల్ల కింద కూడా చూసింది.

“నా ఇల్లేమైనా బిస్కెట్టు ముక్కా అండీ, కింద రాలడానికి?”

అందరూ ఘొల్లున నవ్వారు.

“ఒక్క నిమిషం… చేర్చేస్తాను,” అంది.

“ఎక్కడ చేరుస్తావమ్మా? తోటలోనా?” అంది అధ్యక్షురాలు. “తోట ఒక్క అడుగు తగ్గినా నేను చెయ్యెత్తను.”

ఆర్కిటెక్ట్ అమ్మాయి ప్లాను కాగితాలన్నీ తిరగేసింది. ఇల్లిల్లూ తిరిగి, వంట చేసేవాళ్ల నడుము ఎత్తు కొలిచి మరీ వంటింటి గట్లు గీసింది. ఒంటరిగా ఉండే ఈ అబ్బాయిని కొలిచేటప్పుడైతే టేపు రెండుసార్లు చేజారింది కూడా. అలాంటిది, ఆ ఇంటినే ఎలా మరిచిపోయింది?

సభ్యుల మధ్య కూర్చున్న ఆర్కిటెక్ట్ అమ్మాయి వాళ్లమ్మ కళ్లజోడు సర్దుకుని తమ ఇంటి ప్లాను చేతిలోకి తీసుకుంది. ఆవిడ దర్జీ. కొలతలో తేడా ఉంటే ఇట్టే పట్టేస్తుంది.

“ఏమే, మన గట్టు ఇంతెత్తు పెట్టావేంటి? నేను స్టూలెక్కి కూర కలపాలా?”

“అది… పొరపాటు పడుంటానమ్మా.”

“ఇలా రా నాయనా. కాస్త నిటారుగా నిలబడు.” అమ్మ మెడలోని టేపు తీసి బేకరీ అబ్బాయి నడుము ఎత్తు కొలిచింది.

“అచ్చంగా సరిపోయింది! ఓసి నా తల్లీ, ఇల్లు మరిచిపోలేదు నువ్వు. మనింట్లోనే పెట్టేశావు!”

ఆమె బిక్కచచ్చిపోయింది. నిజమే. అతని గట్టు తమ వంటింట్లో గీసేసి, అతని ఇంటి పని అయిపోయిందనుకుంది.

అతను నవ్వడం లేదు. చెవులు ఎర్రబడ్డాయి. “నిజమేనా?” అన్నాడు మెల్లగా.

“ఒట్టు, నాకు తెలీదండీ. ఇప్పుడే తెలిసింది.”

అతను నమూనా మీదికి వంగి వాళ్లింటి చెక్కముక్కని వేలితో తాకాడు. “అయితే తోట తగ్గించక్కర్లేదు. కానీ ప్లాను ఇలా ఉంటే నేను ఒప్పుకోను.”

ఆమె చప్పున తలెత్తింది.

“గట్టు ఒక్కటే ఉంటే ఎలాగండీ? పక్కనే మీ ఎత్తుకి ఇంకొకటి వెయ్యండి. లేకపోతే నేనెవరితో పోట్లాడుతూ పిండి కలపాలి?”

ఆమె పెన్సిలు అందుకుంది. తొందరలో గీత వంకర పోయింది. ఎవరూ చెరపమనలేదు.

అమ్మ టేపు మళ్లీ మెడలో వేసుకుని, అందరికంటే ముందు చెయ్యెత్తింది.