సుక్కమ్మ గంటెల బుర్ర

బిడ్డ ఆకలికి ఏడుస్తుంటే వండడానికి ఇంట్లో గింజ లేకపోవడం. నీలాయికి అన్నిటికన్నా పెద్ద భయం అదే. కూతురు రుప్పికి ముందు పుట్టిన పిల్లాడు అలాంటి ఒక వానాకాలంలోనే పోయాడు. అందుకే తోటల శాఖ వాళ్లు వచ్చి, పోడు మానేస్తే జీడిమొక్కలు ఊరికే ఇస్తామన్నప్పుడు ఆమె ముందుకొచ్చింది. ఆ ఇంట్లో ఏడో తరగతి దాకా చదివింది తానే. కాగితం పైన పైన చదివి అత్త చేత వేలిముద్ర వేయించింది.

"పోడులో పైమూల నాకుంచినావా? గంటెలు సల్లుకోవాల," అని సుక్కమ్మ అప్పుడే అడిగింది. ఆ కొండల్లో సజ్జల్ని గంటెలంటారు.

"ఉంచినానత్తా."

ఉంచలేదు. మూల వదిలితే మొక్కలు తగ్గిస్తారేమోనని భయపడింది.

వానలు మొదలయ్యే వేళ ఒక ఉదయం రుప్పికి అంబలి తాగిస్తుంటే సుక్కమ్మ కొండ దిగి వచ్చింది. కాళ్లనిండా ఎర్రమట్టి.

"నా మూలలో గోతులెవులు తీసినారే?"

నీలాయి తలెత్తలేదు. "నాలుగేళ్లలో పిక్కలు కాస్తాయత్తా. అందాకా నీ కొడుకు విశాఖలో కూలి సేసి పంపుతాడు."

"నాలుగేళ్లూ నీ కూతురు జీడాకులు నములుద్దేటి, మేకపిల్లలాగ? సదూకున్న కోడలని మురిసిపోనాను!"

"పోడున్నప్పుడు మాత్రం? నీ గంటెలు నా పిల్లడ్ని బతికించినాయా?"

సుక్కమ్మ గుమ్మంలోనే కూలబడింది.

"ఆ ఏడు బుర్రలో విత్తనం ఉండేదే. విత్తనం వండకూడదని మా అత్త నాకు సెప్పింది. నేను తియ్యలేదు. తీసుంటే ఆడు బతికేవోడేమో. ఆడి పేణం కన్నా ఎక్కువని దాసినాను. ఈ ఏడు సల్లకపోతే అదీ సచ్చిపోద్ది. మరి ఆడెందుకు పోయినట్టే?"

విత్తనం దాచిన ఎండు ఆనపబుర్ర ఉట్టి మీంచి దించుకుని, వంటమూలలోకి వెళ్లొచ్చి, గెడ్డ దాటి రాళ్లమెట్ట మీది పాత మంచెకి వెళ్లిపోయింది. రుప్పి "నానమ్మా" అని పిలిచినా తిరిగి చూడలేదు.

మూడు రోజులు వాన. నాలుగోనాడు బియ్యం అడుగంటాయి. కుండ వెనక చెయ్యి పెడితే పాతగుడ్డ మూట తగిలింది. గంటెలు. సగం బుర్రెడు ఉంటాయి. వండకూడని విత్తనాన్ని ముసలిది ఈసారి మనవరాలికి వదిలి వెళ్లింది.

నీలాయి మూట ఒడిలో పెట్టుకుని, పొయ్యి ముట్టించలేక కూర్చుంది. చూరులో దోపిన కాగితం తీసి, ఆనాడు తిప్పని రెండో పేజీ ఇప్పుడు తిప్పింది. కూడబలుక్కుంటూ చదివింది. మొక్కలు ఎదిగేదాకా వరసల నడుమ చిరుధాన్యాలు, కందులు వేసుకోవచ్చు.

గోతుల నడుమ అంతా చోటే. ఒక్క పేజీ తిప్పి ఉంటే అత్త ఇంట్లోనే ఉండేది.

పక్కింట్లో దోసెడు నూకలు అడిగి ఆ పూట బిడ్డకు జావ కాచింది. మూటను ఉట్టెక్కించింది. గెడ్డ ఇంకా పొంగే ఉంది, బిడ్డనెత్తుకుని దాటలేదు. మీలో ఎవరైనా అవతలి నుంచి రాళ్లమెట్ట వైపు వెళితే, మంచె దగ్గర పొగ లేస్తోందో లేదో ఒక్కసారి చూడండి. సుక్కమ్మ కనిపిస్తే, విత్తనం వండలేదని చెప్పండి.