ముందుకు జరుగు

సామాను సర్దేవాళ్ళు రెండు రకాలు. పట్టినంత కుక్కి, పడని తలుపుని భుజంతో నెట్టి మూసేవాళ్ళు ఒక రకం. ప్రతి వస్తువునీ చేత్తో లేపి చూసి, దాని బరువెంత, దాని చోటెక్కడ అని ఆలోచించిగానీ కింద పెట్టనివాళ్ళు రెండో రకం. మొదటి రకం వాళ్ళు ఎండ ముదరకముందే బయల్దేరతారు. రెండో రకం మనిషి ఇంట్లో ఉంటే మాత్రం ఇంటిల్లిపాదీ చెప్పులేసుకుని వాకిట్లో నిలబడాల్సిందే.

ఈ కథలో మనిషి అచ్చంగా రెండో రకం. కారు డిక్కీలో ఎప్పుడూ తాళ్ళూ, పట్టీలూ, పాత దుప్పటి ముక్కలూ ఉంచుకునేవాడు. అందుకని అత్తవారి వైపు వాళ్ళంతా అతణ్ణి తాళ్ళబావ అనేవారు. ఎదురుగా కూడా అనేవారు. పాపం, అతనికి కోపం రాదు. పేరుకి తగ్గట్టు ఉన్నానని లోపల కొంచెం గర్వం కూడాను.

అతని భార్యకి కొండ కింద ఊళ్ళోని ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం వచ్చింది. మర్నాడు పొద్దున్నే చేరాలి. కింద ఇల్లు చూసుకోవడం అయింది, కొండమీది అద్దె ఇల్లు ఖాళీ చెయ్యడమే మిగిలింది. లారీ మాట్లాడదామంది ఆవిడ.

"లారీవాళ్ళు వస్తువుల్ని దించరు, విసురుతారు. కారు మీద కొంత కడదాం, వెనక ట్రైలర్ తగిలిద్దాం" అన్నాడు తాళ్ళబావ.

ట్రైలర్ గ్యారేజీలో అద్దెకి దొరికింది. రెండు చక్రాలది, ఇనప రేకుది, మీద టార్పాలిన్ కప్పుకోవడానికి చట్రం ఉంది. మెకానిక్ దాన్ని బయటికి లాగుతూ ఒక మాట చెప్పాడు.

"సార్, దీనికి వెనక బరువు. ఖాళీగా ఉన్నా, కారుకి తగిలించే ఈ ముక్కు పైకెత్తుతుంది. బరువైనవన్నీ ముందువైపు పెట్టుకోండి."

"ఇరుసు వంగిందేమో చూశారా?"

"ఇరుసు మార్చాం. చక్రాలు మార్చాం. అడుగు రేకు కూడా మార్చాం సార్." అతను చేతులు గుడ్డకి తుడుచుకుంటూ, ట్రైలర్ వెనక మూల వైపు చూసి, చూపు తిప్పుకున్నాడు. "ముందుకి పెట్టుకోండి, అంతే."

ఈ బరువు సంగతి కొంచెం చెప్పాలి. రెండు చక్రాల ట్రైలర్ పిల్లలాడే ఊగుడుబల్ల లాంటిది. ముందువైపు కాస్త బరువుంటే కారు వెనక బుద్ధిగా నడిచొస్తుంది. వెనకవైపు బరువెక్కువైతే తోక ఊపడం మొదలుపెడుతుంది. ఆ ఊపు పెరిగి పెరిగి చివరికి కారునే పట్టి ఈడుస్తుంది. చదును రోడ్డు మీదే అది ప్రమాదం. ఒక పక్క లోయ ఉన్న దిగుడు రోడ్డు మీద, వెనక సీట్లో మూడేళ్ళ కూతురు నిద్రపోతుండగా, ఇక చెప్పేదేముంది? తాళ్ళబావ మధ్యాహ్నమంతా ఆలోచించింది దీన్ని గురించే.

కారు మీదికి తేలికవి ఎక్కించాడు: పరుపులు, పేము కుర్చీలు. పైన బరువు పెడితే మలుపులో బండి తూలుతుంది. పట్టీలు బిగించి, గాలికి రొద చెయ్యకుండా ఒక్కో పట్టీకి ఒక్కో మెలిక పెట్టాడు. ఎంత మెలిక పెట్టినా కొంచెం హుమ్మంటాయనుకోండి. ట్రైలర్లో గిన్నెల పెట్టెలు, పుస్తకాలు, బియ్యం డబ్బా సర్ది టార్పాలిన్ కప్పాడు. ఇక మిగిలింది కుట్టుమిషను. దాన్ని ఎక్కడ పెడితే తూకం కుదురుతుందో తెలియాలంటే అతనికో పద్ధతుంది. దాదాపు అంత బరువున్న మనిషిని లోపల కూర్చోబెట్టి జరుపుతాడు. తను మోకాళ్ళ మీద కూర్చుని ట్రైలర్ ముక్కు కింద రెండు చేతులూ పెట్టి, బరువు చేతుల్లోకి ఎంత దిగుతుందో చూసుకుంటాడు.

ఆ మనిషి బామ్మర్ది. స్కూల్లో డ్రిల్లు మాస్టారు. భార్యకి తమ్ముడే గానీ ఒళ్ళు చూస్తే అన్నలా ఉంటాడు.

"కుట్టుమిషనుకి నేను సమానమా బావా? అక్కా, విన్నావా?"

"మిషనైతే కాస్త పని చేస్తుందిరా" అంది అక్క, పాపకి స్వెట్టర్ తొడుగుతూ.

బామ్మర్ది నవ్వుతూ టార్పాలిన్ కింద దూరాడు. తాళ్ళబావ తల వంచి, కళ్ళు మూసుకుని, ట్రైలర్ ముక్కుని పట్టుకున్నాడు. మెకానిక్ చెప్పింది నిజమే. ఇంత సామాను పెట్టినా ముక్కు తేలిపోతోంది.

"ముందుకు జరుగు" అన్నాడు.

లోపల రేకు కిర్రుమంది. బరువు కొంచెం చేతుల్లోకి వచ్చింది.

"ఇంకొంచెం."

మళ్ళీ కిర్రు. నెమ్మదిగా, చెప్పిన మాట వినే మనిషిలా.

"ఆఁ... ముందుకి... ఇంకా ముందుకి..."

"బావా!" ఇంటి గుమ్మంలోంచి వినిపించింది బామ్మర్ది గొంతు. చేతిలో మంచినీళ్ళ చెంబు ఉంది. "దాహమేస్తోంది, దిగుతున్నానని చెప్పి వచ్చాగా. ఎవరితో మాట్లాడుతున్నావ్?"

తాళ్ళబావ చేతుల్లో బరువు అలాగే ఉంది.

లేచి టార్పాలిన్ ఎత్తి చూశాడు. పెట్టెలు. బియ్యం డబ్బా. తడిసిన గోనెసంచి లాంటి వాసన. తను గోనెసంచి ఏదీ పెట్టలేదు. ఏదో పెట్టె జారి ఉంటుందిలే అనుకున్నాడు. మిషను మధ్యలో పెట్టి తాళ్ళు బిగించాడు. తూకం కుదిరింది. ఉండాల్సిన దానికంటే బాగా కుదిరింది.

"ఇవాళ వెళ్తావా, మళ్ళీ విప్పి కడతావా?" అని సాగనంపాడు బామ్మర్ది.

బయల్దేరేసరికి పొద్దు వాలింది. భార్య వెనక సీట్లో కూర్చుంది, పక్కన పాప తన చిన్న సీట్లో. ముందు సీటు ఖాళీ. బ్రేకు వేస్తే దొర్లుకొచ్చే వస్తువేదీ పక్కన ఉండకూడదని అతని నియమం. మొదటి మలుపులు హాయిగా గడిచాయి. పైన పట్టీలు సన్నగా హుమ్మంటున్నాయి. పాప నిద్రపోయింది. పొగమంచు దిగింది, లైట్లు వేశాడు.

కాసేపటికి లైట్లు రోడ్డు మీద పడటం మానేశాయి.

ఒక్కసారిగా కాదు. కొంచెం కొంచెంగా వెలుగు పైకి పాకింది. రోడ్డు నుంచి గట్టు మీదికి, గట్టు నుంచి చెట్ల కొమ్మల్లోకి. కారు వెనక భాగం కుంగితేనే అలా జరుగుతుంది. ట్రైలర్ ముక్కు మీద బరువు పెరుగుతోందన్నమాట. అతను పక్కకి తీసి ఆపాడు.

"ఏమైందండీ?"

"ఏం లేదు. తాడు చూసొస్తా."

టార్చి తీసుకుని వెళ్ళి టార్పాలిన్ అంచు ఎత్తాడు. తాళ్ళు బిగించినవి బిగించినట్టే ఉన్నాయి. పెట్టెలు మాత్రం రెండు పక్కలకీ ఒత్తుకుని ఉన్నాయి. ముక్కు దగ్గర, అన్నిటికంటే ముందు, మోకాళ్ళు ముడుచుకుని ఒక మనిషి కూర్చునేంత జాగా. ఆ జాగాలో రేకు మీద తడి.

ముందుకు జరగమన్నది తను. ఆగమని మాత్రం అనలేదు.

'ఆగు' అందామని నోరు తెరిచాడు. ఖాళీ ట్రైలర్‌తో మాట్లాడటమేమిటని సిగ్గేసింది. భార్య వింటుందేమోనని కూడా అనిపించింది. నోరు మూసుకుని వచ్చి స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. మనిషికి ఏ భయం కంటే కూడా నవ్వులపాలౌతానన్న భయమే పెద్దది.

మళ్ళీ బయల్దేరారు. కొంత దూరం పోయాక పైన హుమ్మనే చప్పుడు ఆగిపోయింది. గాలి తగ్గలేదు, కారు వేగమూ తగ్గలేదు. మోగుతున్న తీగ మీద ఎవరో చెయ్యి వేసినట్టు, చటుక్కున ఆగింది.

ఆ వెంటనే ట్రైలర్ తేలికైపోయింది. తోక ఊపింది.

ఎడమకి... కుడికి... మళ్ళీ ఎడమకి. అద్దంలో లోయ వైపు రాతిగోడ దగ్గరికొచ్చి దూరమైంది. బ్రేకు తొక్కకూడదు. తొక్కితే అంతే. పాదం యాక్సిలరేటర్ మీంచి మెల్లగా తీశాడు. స్టీరింగ్ని బిగించి పట్టాడు. కింది గేరులోకి దించాడు. ఊపు తగ్గింది... తగ్గింది... ఆగింది.

కానీ తరవాతి మలుపులో కారు తూలింది. పైన బరువున్న కారు తూలినట్టు.

పైన ఉన్నవి పరుపులు. పేము కుర్చీలు.

టప్. నెత్తిమీద రేకు కొంచెం లోపలికి నొక్కుకుంది. వెనక అద్దానికి దగ్గరగా. టప్. ఈసారి కొంచెం ఇవతల. సరిగ్గా వెనక సీటు పైన.

తరవాత చప్పుడేమీ లేదు. అతను ఊపిరి బిగబట్టి విన్నాడు. తడిసిన గోనె వాసన వచ్చింది. అద్దాలన్నీ మూసే ఉన్నాయి. వాసన మాత్రం లోపలే ఉంది.

"ఏమండీ..." భార్య గొంతు నిద్రమత్తులో ఉంది. "ఇరుగ్గా ఉందేమిటండీ ఇక్కడ?"

అతను లోపలి అద్దాన్ని వెనక సీటు వైపు తిప్పాడు.

"కాస్త జరగడానికి కూడా లేదు... చలి ఒకటి..."

అద్దంలో చూశాడు. చీకట్లో భార్య తల తలుపుకి ఆనుకుని ఉంది. ఆవిడ పూర్తిగా ఆ మూలకి ఒత్తుకుపోయింది. ఆవిడకీ పాపకీ మధ్య చాలా చోటుంది. ఖాళీ చోటు.

పాప దగ్గింది. మళ్ళీ దగ్గింది. ఆ తరవాత వచ్చింది దగ్గు కాదు... గుండె మీద బరువు పెడితే పిల్లలు లాగే ఊపిరి. పీలగా, ఈల వేసినట్టు.

సిగ్గూ లేదు, నవ్వులపాటూ లేదు ఇప్పుడు. అతని పెదవులు కదిలాయి.

"ముందుకి రా" అని గుసగుసగా అన్నాడు. "పాప దగ్గర వద్దు... ఇక్కడికి... నా పక్కకి రా."

"ఎవరితో?" అంది భార్య, కళ్ళు తెరవకుండానే.

కారు కొంచెం కదిలింది, మనిషి సీటు దాటుకుని వస్తే కదిలినట్టు. వెనక పాప ఊపిరి తేలికపడింది. గట్టిగా ఒకసారి నిట్టూర్చి మళ్ళీ నిద్రలో పడింది.

అప్పుడు డాష్‌బోర్డు మీద ఎర్ర దీపం వెలిగింది. టింగ్... టింగ్... టింగ్... సీట్లో మనిషి ఉండి బెల్టు పెట్టుకోకపోతే మోగే గంట.

అతను పక్కకి చూడలేదు. రోడ్డునే చూశాడు. మెడ తిప్పితే ఇక తిరిగి రాదేమో అన్నంత బిగుసుకుపోయింది. టింగ్... టింగ్... టింగ్... ఒక మలుపు. ఇంకో మలుపు. బెల్టు పట్టీ మెల్లగా జారుతున్న చప్పుడు.

క్లిక్.

గంట ఆగిపోయింది.

అక్కణ్ణించి కింది దాకా కారు అంత బాగా ఎప్పుడూ నడవలేదు. వెలుగు మళ్ళీ రోడ్డు మీద పడింది. ట్రైలర్ వెనక బుద్ధిగా వచ్చింది. అతను ఎడమ చెయ్యి గేరు మీద పెట్టాల్సి వచ్చినప్పుడల్లా మోచెయ్యి ఒంటికి అంటించి ఉంచుకున్నాడు.

కొత్త ఇల్లు వీధి చివర. ట్రైలర్ తగిలించి ఉండగా వెనక్కి తిప్పడం కష్టం కాబట్టి నేరుగా వాకిట్లోకి పోనిచ్చాడు. కారు ముక్కు ఇంటి గోడకి జానెడు దూరంలో ఆగింది. భార్య పాపని భుజాన వేసుకుని తాళం తీసుకుని లోపలికి వెళ్ళింది. అతను గబగబా దిగి, వెనక్కెళ్ళి, గొలుసు విప్పి, కొక్కెం ఊడదీసి, చక్రాలకి రాళ్ళు పెట్టాడు. పిల్ల క్షేమంగా చేరింది. రేపు పొద్దున్నే ఈ ట్రైలర్ని ఆ గ్యారేజీ ముందు పడేసి రావాలి. ఆ మెకానిక్‌తో రెండు మాటలు మాట్లాడాలి. కారు తలుపు తాళం వెయ్యడానికి ముందుకొచ్చి, టార్చి వేసి ఆ సీటుని మొదటిసారి చూశాడు.

సీట్లో ఎవరూ లేరు. బెల్టు మాత్రం పెట్టే ఉంది. సీటు పట్టాల మీద ముందుకి, ఇక పోవడానికి లేనంత ముందుకి జరిగి ఉంది. డాష్‌బోర్డుకి ఆనుకుని ఉంది. కాళ్ళున్న మనిషెవరూ ఆ సందులో పట్టరు.

"ఇంకా ఏం కడుతున్నారక్కడ?" భార్య మంచినీళ్ళ గ్లాసుతో వచ్చి పక్కన నిలబడింది.

"పాప?"

"పడుకోబెట్టాను. ఇంటివాళ్ళు వదిలేసిన ఇనప మంచం ఉంది, ఈ ముందు గదిలోనే. మహా మొండి మంచం, వేలు పెడితే చాలు కిర్రుమంటోంది. రేపు కాస్త నూనె వెయ్యాలి."

"ఏ గది?"

ఆవిడ గడ్డంతో చూపించింది. కారు ముక్కుకి జానెడు దూరంలో ఉన్న గోడ. గోడకి తెరిచి ఉన్న కిటికీ.

"కాళ్ళు ఇటువైపు పెట్టాను, తలకి గాలి తగలకుండా" అంది.

లోపల మంచం కిర్రుమంది. కిటికీ పక్కనే, పాప కాళ్ళ వైపు.

"అప్పుడే లేచిందేమిటి?" అంది ఆవిడ.

అతను గుమ్మం వైపు పరిగెత్తాడు. మెట్ల మీద ఉండగా రెండోసారి కిర్రుమంది, ఈసారి మంచం మధ్యలో. "ఆగు!" అని అరిచాడు, వీధి వీధంతా వినేలా. తలుపు గాలికి మూసుకుందో ఏమో, భుజంతో నెట్టినా రాలేదు.

మూడోసారి దిండు దగ్గర వినిపించింది.